ఉంగరం ఎవరిది, చేప ఎవరిది?
నైజర్ చిన్న రీళ్ల సినిమాల్లో జానపద కథ

తెలుగు సినిమా 'జానపదం' అన్న మాటను ఎత్తుకపోయి డెబ్బై ఏళ్లు దాటింది. జానపద చిత్రం అనగానే మన కళ్ల ముందుకొచ్చేది జనపదం కాదు, కోట. కత్తి, కిరీటం, గుహ, మాంత్రికుడు, చెరలో రాకుమారి. 1942లో జెమినీ వాళ్లు 'బాలనాగమ్మ' తీశారు. ఆ కథను ఊరూరా తిరిగి బుర్రకథగా చెప్పుకొని బతికినవాళ్ల నుంచి సినిమాకు కథ దొరికింది గానీ, వాళ్లకు సినిమాలో చోటు దొరకలేదు. 1951లో 'పాతాళభైరవి' వచ్చింది. కాశీమజిలీ కథల్లోంచి తీసుకున్న కథ. తోట రాముడు తోటమాలి బిడ్డ. అంతవరకు బాగనే ఉంది. కానీ ఆ బిడ్డ తోటలో ఉండి గెలిచే దారి కథలో లేదు, రాజు అల్లుడయితేనే గెలుపు. ఆ తర్వాత విఠలాచార్య కాలమంతా ఇదే బాట. మనవాళ్లు నేల టిక్కెట్టు కొని, ఈలలేసి, రెండోసారి మూడోసారి చూసిన సినిమాలవి. ఆ సంబరాన్ని మేము చిన్నచేసి మాట్లాడటం లేదు. మేమడిగేదేమంటే, కథను తరతరాలుగా మోసుకొచ్చిన కులం, కథలో పనిచేసే చెయ్యి తెర మీదికి ఎప్పుడొస్తాయి? కథ మోసినవాడి చేతికే కెమెరా వస్తే కథ మారుతుందా, లేక కెమెరా మాత్రమే చేతులు మారుతుందా?

మద్రాసు, హైదరాబాదు స్టూడియోల్లో ఈ ప్రశ్న పుట్టే అవకాశమే లేదు. 35 ఎం.ఎం. కెమెరా, సెట్టింగులు, పంపిణీదారుడి అడ్వాన్సు, వీటి నడుమ కథ చెప్పుకొనే కులాలవాడు గేటు దాటలేడు. పశ్చిమాఫ్రికాలోని నైజర్ దేశంలో మాత్రం 1960ల్లో, సన్న రీలు మీద, రంగుల్లో, ఏ సినిమా బడిలోనూ చదవని కుర్రవాడొకడు తన ఊళ్లల్లో చెప్పుకొనే కథలను తీశాడు. (నైజర్ వేరు, నైజీరియా వేరు. మన పాఠ్యపుస్తకాలు రెండింటినీ ఒకటిగా అనిపించేటట్టు చెప్తాయి కాబట్టి ఈ మాట.) అతని పేరు ముస్తఫా అలస్సాన్. 1942లో పుట్టాడు, 2015లో చనిపోయాడు. మెకానిక్కు పని నేర్చుకున్నవాడు. 1962లో 'అవురే' తీశాడు. జర్మా తెగ పల్లెలో ఒక జంట పెళ్లి కథ అది. అదే కాలంలో 'కోడా రాజు ఉంగరం' తీశాడు. ఆఫ్రికా సినిమాకు తండ్రి అని అందరూ పిలిచే సెంబెన్ ఉస్మాన్ తన మొదటి కథాచిత్రం 'బోరొం సారెత్' విడుదల చేసింది 1963లో. అలస్సాన్ అంతకంటే ముందే మొదలుపెట్టాడు. అయినా సినిమా చరిత్రల్లో అతనికి దక్కేది చాలాసార్లు అరపేరా.

ఇట్లాంటివాళ్లను 'ఔత్సాహికులు' అంటారు. ఈ మాట దగ్గర కొంచెం ఆగాలె. 16 ఎం.ఎం. ఫిలింను కొడక్ కంపెనీ 1923లో తెచ్చిందే ఔత్సాహికుల కోసం. ఆ ఔత్సాహికుడు ఎవడు? సాయంత్రం తీరిక ఉన్నవాడు, పిల్లల పుట్టినరోజు తీసుకొనేవాడు, వలస దేశాల్లో దొరతనం చేసి ఇంటికి పోతూ ఏనుగు సవారీ, నౌకర్ల వరుస తీసుకొని పోయేవాడు. 1935లో కోడాక్రోమ్ రంగు ఫిలిం మొదట వచ్చింది ఈ సన్న రీలు మీదనే. మరుసటేడు 8 ఎం.ఎం.కు కూడా వచ్చింది. అంటే రంగుల సినిమా పెద్ద తెరకు ఇంకా అరుదుగా ఉన్న రోజుల్లోనే కలిగినవాళ్ల ఇండ్లల్లో రంగుల బొమ్మ ఆడింది. తీరిక ఉన్నవాడి ఉత్సాహానికి పుట్టిన పేరది. తీరిక లేని కులాలకు ఆ పేరు అతకదు. మన చిందువాళ్లను చూడండి. ఊరి మీద మిరాశీగా ఆడాలె, ఆడకపోతే బతుకు లేదు. వాళ్లను ఔత్సాహికులని ఎవరూ అనలేదు. కళాకారులని కూడా చానా కాలం అనలేదు, 'ఆడుకొనేవాళ్లు' అన్నారు, ఇంకా తేలిగ్గా 'అడుక్కొనేవాళ్లు' అన్నారు. జర్మా, సొంఘాయ్ సమాజాల్లో వంశ చరిత్రలు చెప్పే 'జెసెరె'లది కూడా పుట్టుకతో వచ్చే పనే. దొరల వంశం పొగడటమే వాళ్ల బతుకుదెరువు. కాబట్టి అలస్సాన్‌ను ఔత్సాహికుడు అన్నప్పుడు మేము ఆ మాటను ఒకే అర్థంలో వాడుతున్నాం: బడి లేదు, స్టూడియో లేదు, వంశ హక్కు కూడా లేదు. కథ చెప్పమని అతన్ని ఎవరూ నియమించలేదు.

కెమెరా ఊరికే రాలేదు. అలస్సాన్‌కు సినిమా పని నేర్పినవాళ్లలో ముఖ్యుడు జాఁ రూష్ అనే ఫ్రెంచివాడు. ఈయన కూడా సినిమా చదువుకున్నవాడు కాదు, రోడ్లు వంతెనలు వేసే ఇంజనీరుగా నైజర్‌కు వచ్చాడు. 1946లో పారిస్ పాత సామాన్ల బజారులో ఒక బెల్ అండ్ హావెల్ 16 ఎం.ఎం. కెమెరా కొన్నాడు. ఇద్దరు స్నేహితులతో పడవ మీద నైజర్ నది వెంట పోతుంటే కెమెరా స్టాండు నీళ్లలో పడిపోయింది. అప్పటినుంచి చేత్తో పట్టుకొనే తీశాడు. కీ ఇచ్చి తిప్పే కెమెరా అది, ఒకసారి కీ ఇస్తే ఆడేది ఇరవై అయిదు సెకన్లు. పల్లెటూరి సినిమా వ్యాకరణం ఈ స్ప్రింగు నుంచి వచ్చింది అంటే నవ్వకండి. దృశ్యం ఎంత పొడుగుండాలో కవి నిర్ణయించలేదు, కీ నిర్ణయించింది. శబ్దం తర్వాత కలపాల్సిందే. బొమ్మ ముందు, మాట వెనక. ఆ మాట ఎవడిదన్నదే అసలు కొట్లాట.

రూష్ గురించి తప్పక చెప్పాల్సిన ముచ్చట ఒకటుంది. నది మీద నీటిగుర్రాల వేటను తీసి, దానికి వేటగాళ్ల పాటనే నేపథ్య సంగీతంగా పెట్టి, అయోరు ఊళ్లో ఆ వేటగాళ్లకే చూపించాడు. వాళ్లు చూసి ఒక్కటే మాట చెప్పారు: వేటాడేటప్పుడు చప్పుడు ఉండకూడదు, నీటిగుర్రం పారిపోతుంది. రూష్ ఆ సంగీతం తీసేశాడు. ఈ ముచ్చటను రూష్ వినయానికి గుర్తుగా చెప్తుంటారు. మేము దీన్ని ఇంకో వైపు నుంచి చదువుతాం. పాట ఎవరిదో ఆయనకు తెలుసు, ఎక్కడ పాడాలో తెలీదు. పాట జానపదం, అది ఎక్కడ పాడకూడదో తెలియడం పని. మన విశ్వవిద్యాలయాల జానపద శాఖలు పాటను సేకరించి పనిని వదిలేశాయి. నాటు పాట అచ్చయింది, నాటేసినామె పేరు చాలా పుస్తకాల్లో అచ్చు కాలేదు.

రూష్ 1957లో అబిజాన్ నగరంలో, నైజర్ నుంచి వలస వచ్చిన కూలీలతో 'నేనొక నల్లవాణ్ణి' తీశాడు. ఇది జానపద కథ కాదు, కానీ ఇందులోంచి రెండో మనిషి లేచాడు. రేవులో మూటలు మోసే కూలీగా నటించినవాడు ఉమరు గాండా. అంతకుముందు ఫ్రెంచి సైన్యంలో ఇండోచైనాలో పోరాడి వచ్చినవాడు. బొమ్మ తెర మీద ఆడుతుంటే గాండా తన మాటలు తానే అప్పటికప్పుడు చెప్పాడు, వాటిని రికార్డు చేసి కలిపారు. ఆ సినిమా ఫ్రాన్సులో పెద్ద బహుమతి గెలిచింది. గాండాకు మాత్రం తృప్తి కలగలేదు. తన జీవితాన్ని తాను చెప్తే వేరుగా ఉంటుందని 1968లో 'కబస్కాబో' తీశాడు, తనే నటించాడు. పరాయి యుద్ధంలో సంపాదించిన డబ్బు అయిపోయాక స్నేహితులు మాయమైన సిపాయి కథ. 1972లో అతని 'వజ్జూ పోలిగాం'కు వాగడూగూ ఆఫ్రికా సినిమా పండుగలో మొట్టమొదటి పెద్ద బహుమతి వచ్చింది. మూటలు మోసిన పాత్రధారి పదేళ్లలో దర్శకుడయ్యాడు. 1965లో సెంబెన్, రూష్ ఎదురెదురుగా కూర్చొని మాట్లాడినప్పుడు, మమ్మల్ని పురుగుల్ని చూసినట్టు చూస్తున్నారని సెంబెన్ మొహం మీదనే నిలదీశాడు. ఆ మాట సరైందే. అయితే ఆ చూపు కింద నిలబడ్డవాళ్లలో ఇద్దరు, గాండా, అలస్సాన్, చూసే వైపుకు నడిచిపోయారన్నదీ నిజమే. ఈ రెండు నిజాల్లో ఒకటి పట్టుకొని ఇంకొకటి వదిలేసే విమర్శ మాకు నచ్చదు.

ఇక ఉంగరం దగ్గరికి వద్దాం.

కోడా రాజు కథ జర్మావాళ్లు చెప్పుకొనేది. రాజు ఒక జాలరికి తన ఉంగరం ఇచ్చి దాచిపెట్టమంటాడు. అడిగిన రోజు ఇవ్వకపోతే ప్రాణం పోతుంది. ఉంగరం జాలరి ఇంట్లోంచి భార్య చేతి మీదుగా జారిపోతుంది. చివరికి చేప కడుపులో దొరుకుతుంది. ఇంతే కథ. అలస్సాన్ దీన్ని అరగంట కూడా పట్టని సినిమాగా తీశాడు.

చేప కడుపులో ఉంగరం! మనకు కొత్త కాదు. పదో తరగతి చదివిన పిల్లవాడినడిగినా శకుంతల కథ చెప్తాడు. మహాభారతంలోని శకుంతలకు ఉంగరం లేదు, చేప లేదు. రెండూ కాళిదాసు నాటకంలో వస్తాయి. ఆ నాటకంలో జాలరి ఎంతసేపుంటాడు? ఆరో అంకం మొదట్లో ఒక్క చిన్న సన్నివేశం. చేతులు వెనక్కి కట్టి రాజభటులు తెస్తారు. ఈ ఉంగరం నీకెక్కడిదని కొడతారు. వాడి వృత్తిని ఎగతాళి చేస్తారు. పుట్టుకతో వచ్చిన పని, ఎంత నిందపడ్డదైనా వదులుకోకూడదని వాడు సమాధానం చెప్పుకుంటాడు. అంటే కులధర్మాన్ని సమర్థించే బాధ్యత కూడా ఆ కులం వల్ల తన్నులు తినేవాడి నోటనే పెట్టాడు కవి. వాణ్ణి చంపటానికి ఒక భటుడికి చేతులు దురద పెడుతుంటాయి. రాజు ఉంగరం గుర్తుపట్టి బహుమానం పంపితే, అందులో సగం భటులకు పోతుంది, అందరూ కలిసి కల్లు దుకాణానికి పోతారు. నాటకంలో రాజు మాట్లాడేది సంస్కృతం, జాలరి మాట్లాడేది ప్రాకృతం. తర్వాత జాలరి ఏమయ్యాడు? నాటకానికి అక్కర్లేదు. రాజుకు జ్ఞాపకం తిరిగి వచ్చింది, జాలరి పని అయిపోయింది. పండితులు ఈ సన్నివేశాన్ని హాస్యం అని మెచ్చుకుంటారు. చేతులు కట్టి తెచ్చిన మనిషిని కొడుతుంటే నవ్వగలిగినవాళ్లకు అది హాస్యమే.

ఒకే చేప, ఒకే ఉంగరం. జర్మా కథలో జాలరి పక్కకు పోడు. ఉంగరం పోగొట్టుకున్న బాధ రాజుది కాదు, జాలరిది. ఉంగరం దొరకటం ప్రేమకు గుర్తు కాదు, ప్రాణానికి హామీ. రాజులకు జ్ఞాపకాలు ఉంటాయి, జాలరులకు గడువులు ఉంటాయి. అలస్సాన్ చేసిన పని ఈ బరువును ఎక్కడుందో అక్కడే ఉంచటం. రూష్‌లాగా పక్కన నిలబడి ఇది ఫలానా తెగ ఆచారం అని వివరించే పనిని అతను నెత్తిన పెట్టుకోలేదు. రాజును ఎంత పెద్ద కిరీటంతో చూపించాలి అన్న ఆలోచన కూడా చేయలేదు. తన పల్లె మనుషులను, తన నదిని తీశాడు. నది ఉన్నచోట నదే ఉంది, సెట్టింగు లేదు. తెలుగు జానపద చిత్రాల్లో జాలరిపిల్లకు ఒక పాట ఉంటది, మోకాళ్ల పైకి చీర ఉంటది, కథ ఉండదు. ఆ తేడా డబ్బు తేడా అని కొందరు అంటారు. సెట్టు వేసే డబ్బు లేక నది తీశాడని. ఉండొచ్చు. డబ్బు లేకపోవటం వల్ల వచ్చిన నిజాయితీ కూడా నిజాయితీయే గదా.

అయితే భార్య సంగతి? ఇక్కడ మేము అలస్సాన్‌ను వదిలిపెట్టదలచుకోలేదు. చంపుతానన్నది రాజు. పరీక్ష పెట్టింది రాజు. అక్కర్లేని ఉంగరాన్ని పేదవాడి ఇంట్లో పెట్టింది రాజు. నమ్మకద్రోహం మాత్రం భార్య వైపు నుంచి వస్తుంది. పేదవాడి గుడిసెలో బంగారం పెట్టి, అది పోతే ఆడదాని బుద్ధి అనటం ప్రపంచంలో అన్ని భాషల జానపదానికీ తెలిసిన ఉపాయం. మా ఆడవాళ్లు దొర గడీలో చాకిరి చేసి వస్తుంటే చీర కొంగు విప్పి వెతికిన రోజులను గుర్తు తెచ్చుకొని ఈ కథ చూడాలె. ఉంగరం ఎందుకు జారిందో ఆ భార్యను అడిగే దృశ్యం సినిమాలో ఉండాల్సింది. జానపదం కాబట్టి కథను ముట్టుకోకూడదనే భక్తి ఇక్కడ పనిచేసిందని మా అనుమానం. కింది కులాలు చెప్పిన కథ అయినంత మాత్రాన కథలోని ప్రతి ముక్కా కింది కులాలదే కాదు. పైవాడి న్యాయం కింద చెప్పుకొనే కథల్లోకి జొరబడి కూర్చుంటుంది. తవ్వి తీయాలె.

ఆ భక్తి అలస్సాన్‌కు ఎప్పుడూ ఉండేదని కాదు. 1966లో అతను తీసిన 'ఒక సాహసి తిరిగి రాక'లో, అమెరికా నుంచి వచ్చిన కుర్రవాడు స్నేహితులకు కౌబాయ్ బట్టలు తెస్తాడు. టోపీలు పెట్టుకొని గుర్రాలెక్కి పల్లెను ఆగం చేస్తారు. అదే ఏడాది 'శుభయాత్ర, సిం' అనే చిన్న బొమ్మల సినిమా తీశాడు. బొమ్మలు తనే గీశాడు. ఒక కప్ప దేశాధ్యక్షుడు విదేశీ పర్యటనకు పోతాడు, స్వాగతాలు, దండలు, వందనాలు. తిరిగి వచ్చేసరికి పదవి పోయింది, తీసుకపోయి నీళ్లల్లో వేస్తారు. స్వాతంత్ర్యం వచ్చి ఆరేళ్లే అయింది అప్పటికి. జంతు కథ చెప్పే పద్ధతిని తీసుకొని దేశాధ్యక్షుల మీద వాడాడు. జానపదమంటే తాతలనాటి కథను గాజు పెట్టెలో పెట్టడం కాదని అతనికి బాగా తెలుసు. కప్పలంటే అతనికి ముసలితనంలోనూ ప్రేమ పోలేదు. 2001లో కూడా జంతువుల కుస్తీ పోటీ మీద 'కొకోవా' తీశాడు. వీటిని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

'తూలా, నీళ్ల దయ్యం' (1973) దగ్గర మళ్లీ ప్రశ్నలు వస్తాయి. దీన్ని అన్నా సోరింగ్ అనే ఆమెతో కలిసి తీశాడు. ఆధారం నైజర్ రాజకీయ నాయకుడు, రచయిత బూబు హమా రాసిపెట్టిన పాత కథ. కరువు వస్తుంది. నీళ్లకు కావలి ఉన్న శక్తి రాజు ఇంటి ఆడపిల్లను అడుగుతుంది. రాజు మేనకోడలు తూలాను ఇవ్వాలని నిర్ణయిస్తారు. ఆమెను ప్రేమించినవాడు నీళ్లు వెతకటానికి పోతాడు. నీళ్ల జాడ తెలుసుకొని వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. సినిమా వచ్చిన కాలం చూడండి. 1968 నుంచి సహేల్ ప్రాంతమంతా కరువు, 1973 నాటికి పశువులు గుంపులుగా చచ్చిపోతున్నయి. నిజం కరువులో నిలబడి పాత కరువు కథ చెప్పాడు. మరుసటేడే, 1974 ఏప్రిల్‌లో, సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. అప్పటికి జాతీయ సభ అధ్యక్షుడుగా ఉన్న బూబు హమాను జైల్లో పెట్టింది.

ఈ కథ వినగానే అనంతపురం జిల్లావాళ్లకు బుక్కరాయసముద్రం చెరువు గుర్తుకొస్తుంది. తెగిపోతున్న కట్టకు ఒక రెడ్ల కోడలు ముసలమ్మ బలి అయిన కథ. దానిమీద కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యం రాస్తే ఆధునిక తెలుగు కావ్యాలకు అది మొదలని పాఠాలు చెప్పారు. రెండు కథల్లోనూ బలి అయ్యేది పైఇంటి ఆడబిడ్డే. త్యాగం వాళ్లది, చెరువు వాళ్లది, ఆయకట్టూ వాళ్లదే. మరి చరిత్రలో కట్ట కింద పడ్డది ఎవరు? కృష్ణదేవరాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ రాసిపెట్టిపోయాడు. రాయలు కట్టిస్తున్న చెరువు కట్ట పదేపదే తెగిపోతుంటే బ్రాహ్మలు బలి కావాలన్నారు, అరవై మంది మనుషుల తలలు తీశారు, వాళ్లతోపాటు గుర్రాలు, దున్నపోతులు. వాళ్ల పేర్లు లేవు, కావ్యం లేదు. దున్నపోతుల పక్కన లెక్క ఉంది. ఆ చెరువుల తూముల దగ్గర రాత్రింబగళ్లు కావలి ఉండి నీళ్లు పంచిన నీరటికాళ్లు చాలా ఊళ్లల్లో మాలమాదిగలే. తూము తెరిచే చెయ్యి వాళ్లది, మడి వాళ్లది కాదు.

తూలాను చూస్తే మాకు ఈ అరవై మంది కనిపిస్తారు. నీళ్ల దయ్యం రాచబిడ్డనే ఎందుకు అడుగుతుంది? రాజు తన బిడ్డను ఇచ్చాడని చెప్పుకుంటే ఇచ్చినవాళ్ల జాబితాలోంచి మిగిలినవాళ్లు మాయమవుతారు కాబట్టి. సొంఘాయ్, జర్మా సమాజాల్లో రాజులు, దొరలు, జెసెరెలు ఉన్నట్టే తరతరాల బానిసలు కూడా ఉండేవాళ్లు. కరువు కథలో వాళ్లేరీ? ఇది పాతకాలపు ముచ్చట అని తోసేయటానికి కూడా లేదు. నైజర్‌లో బానిసత్వం నేరమని శిక్షాస్మృతిలో చేర్చింది 2003లో. ఆ తర్వాత కూడా, 2008 అక్టోబరు 27న, హదిజతు మాని అనే ఆమెను బానిసత్వం నుంచి కాపాడటంలో నైజర్ ప్రభుత్వం విఫలమైందని పశ్చిమాఫ్రికా దేశాల న్యాయస్థానం తీర్పు చెప్పింది. తెల్లవాడి చూపును నిలదీసిన తరం ఇంటి లోపలి మెట్లను అంత గట్టిగా నిలదీయలేదు. మన జాతీయోద్యమ సాహిత్యానికి కూడా సరిగ్గా ఇదే జబ్బు. తెల్లదొర కనిపిస్తడు, ఊరిదొర కనిపించడు.

ఇక రంగు సంగతి. అలస్సాన్ సినిమాల అందంలో సగం రంగే: ఎర్రమట్టి, నీలం బట్ట, ఎండ. కానీ రంగు ఫిలిం రసాయనం ఏ చర్మాన్ని కొలతగా పెట్టుకుందన్నది అమాయకమైన ప్రశ్న కాదు. కొడక్ కంపెనీ ఫొటోలు అచ్చువేసే చోట రంగులు సరిచూసుకోవటానికి పంపే కార్డుల మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్ల ఆడమనిషి బొమ్మ. ఆ బొమ్మ సరిగ్గా వస్తే రంగు సరైనట్టు లెక్క. నల్లముఖాల్లో వివరం పోతుందన్న మాట కంపెనీకి చానాకాలం వినిపించలేదు. చాక్లెట్లు, చెక్క సామాన్లు అమ్మే కంపెనీలు తమ గోధుమరంగు ఛాయలు సరిగ్గా రావటం లేదని ఫిర్యాదు చేసినప్పుడు వినిపించింది. ఈ సంగతి కొడక్‌లో పనిచేసినవాళ్లను అడిగి లోర్నా రాత్ అనే పరిశోధకురాలు 2009లో రాసింది. చాక్లెట్టుకున్న పరపతి నల్లమనిషి ముఖానికి లేదు! అట్లాంటి ఫిలిం మీద, మధ్యాహ్నపు ఎండలో, నల్లని ముఖాలను గుర్తుపట్టేటట్టు తీయటమే ఒక పనితనం. తెలుగు విమర్శకులు రంగు అనగానే సౌందర్యం మాట్లాడతారు. మేము ముందు కార్డు మీద ఎవరి బొమ్మ ఉందో అడుగుతాం.

తీసినంత సులువు కాదు కడగటం. నైజర్‌లో రంగు ఫిలిం కడిగే ల్యాబు లేదు, పారిస్‌కు పోవాల్సిందే. 1934లో లావాల్ ఉత్తర్వు తెచ్చి, తమ ఆఫ్రికా వలసల్లో ఎవరు సినిమా తీయాలన్నా అధికారి అనుమతి కావాలని ఫ్రాన్సు కట్టడి చేసింది. పోల్ వియేరా, అతని స్నేహితులు ఆఫ్రికాలో తీయటానికి దారిలేక 1955లో పారిస్‌లోనే 'సేన్ నది మీద ఆఫ్రికా' తీసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ఉత్తర్వు పోయింది, ల్యాబు అక్కడే ఉండిపోయింది. 1963 తర్వాత ఫ్రెంచి సహకార మంత్రిత్వ శాఖ ఆఫ్రికా దర్శకులకు డబ్బిచ్చి, బదులుగా ప్రదర్శన హక్కులు తీసుకుంది. పల్లె కథ పల్లెలో తీస్తారు, పారిస్‌లో కడుగుతారు, పారిస్‌లో దాస్తారు.

ఇది ఆఫ్రికాకే పట్టిన గతి కాదు. అమెరికాలో జోరా నీల్ హర్స్టన్ అనే నల్ల రచయిత్రి 1920ల చివర దక్షిణాది రాష్ట్రాల్లో తిరిగి తనవాళ్ల కథలు, పాటలు సేకరించింది, పిల్లల ఆటలను 16 ఎం.ఎం. మీద తీసింది (అవి నలుపు తెలుపు). నెలకు రెండు వందల డాలర్లు, కెమెరా ఇచ్చిన తెల్ల ధనవంతురాలితో 1927 డిసెంబరులో ఆమె ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. ఆ ఒప్పందం ప్రకారం సేకరించినదంతా డబ్బిచ్చినామెదే. తల్లి చెప్పిన కథ బిడ్డ అచ్చువేసుకోవాలన్నా ఆమె అనుమతి కావాలె.

ఇప్పుడు మన పిల్లల చేతుల్లో ఫోన్లున్నయి. ల్యాబు అక్కర్లేదు, పారిస్ అక్కర్లేదు. చిందు యక్షగానాలు, ఒగ్గుకథలు, జాంబపురాణం తీస్తున్నారు. 2005లో పోయిన చిందు ఎల్లమ్మ ఆటను ఇప్పటి కెమెరాలతో ఎవరూ తీయలేకపోయారే అని మాకు దిగులు ఉంది. ఈ పనిని మేము స్వాగతిస్తున్నాం. కానీ అలస్సాన్‌ను అడిగిన ప్రశ్నే మమ్మల్నీ, మా విద్యార్థులనూ అడగాలె. కెమెరా పట్టుకున్నది మాలమాదిగ యువకుడు. ఎదురుగా కిన్నెర పట్టుకొని, పటం విప్పుకొని కూర్చున్నది డక్కలివాడు. మాదిగవాడలోకి కూడా అతన్ని దూరం నుంచే రానిచ్చిన చరిత్ర మనది. మాదిగల పుట్టుక కథ చెప్పి బతికినవాడికి ఆ వాడలో మంచం మీద కూర్చొనే చోటు లేకపోయింది. ఆ దృశ్యాన్ని తీసేటప్పుడు కెమెరా ఎంత దూరంలో నిలబడుతుంది? కథ కింద పేరు ఎవరిది వేస్తారు, తీసినవాడిదా చెప్పినవాడిదా? డబ్బు వస్తే ఎవరింటికి పోతుంది? 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో వినిపించిన కిన్నెర, గొంతు దర్శనం మొగులయ్యవి. మరుసటేడు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి పోతున్నాడని పత్రికలు ఫొటోలు వేశాయి. సినిమా ఆయన నుంచి తీసుకున్నది పాట మొదటి కొన్ని చరణాలు. తర్వాత తెర మీదికి హీరో వచ్చాడు.